తెర్సైరా అడవిలో సీసాలు మార్చే రోజు

జూన్ 12, ఆంగ్రా

లిస్బన్‌కు పడమరగా సుమారు 1,500 కిలోమీటర్ల దూరంలో, అట్లాంటిక్ మధ్యన ఉన్న అజోర్స్ దీవులు తొమ్మిది. వాటిలో తెర్సైరాకు నేను వెళ్ళినది అక్కడి సహజారణ్యంలో 2012 నుంచి ఆగకుండా సాగుతున్న పురుగుల లెక్కను కళ్ళారా చూడడానికి. ఏటా మార్చి, జూన్, సెప్టెంబరు, డిసెంబరు నెలల 15వ తేదీ ప్రాంతంలో, ఎప్పుడూ అవే చోట్ల, అదే రకం వలలలో పడిన కీటకాలను, సాలెపురుగులను, జెర్రులను, రోకలిబండలను అజోర్స్ విశ్వవిద్యాలయపు బృందం సేకరించి జాతుల వారీగా లెక్క వేస్తుంది. కృష్ణా డెల్టా వరిచేలలో దీపపు ఎరల లెక్కలు చాలాకాలం రాసినవాణ్ణి నేను. మాకు ప్రతి లెక్క వెనుకా పంట నష్టమెంత అన్న ప్రశ్న ఉండేది. ఆ ప్రశ్న లేకుండా, ఒక అడవి ఆరోగ్యం ఎలా ఉందో తెలుసుకోవడానికే ఇంత ఓపికగా పురుగులను లెక్కపెట్టేవారి పనితీరు చూడాలని ఎప్పటినుంచో కోరిక. బృందంవారు జూన్ సేకరణకు వెంట రావడానికి ఒప్పుకున్నారు.

ఆంగ్రా దు ఎరోయిజ్మో పట్టణం 1980 జనవరి 1న వచ్చిన భూకంపంలో చాలావరకు కూలిపోయింది. మళ్ళీ పాత పద్ధతిలోనే కట్టుకున్నారు. 1983లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మన దేశం నుంచి సరుకుతో తిరిగి వెళ్ళే పోర్చుగీసు ఓడలకు ఈ రేవు ఒక ముఖ్యమైన మజిలీ. కోళికోడ్ నుంచి మరలి వెళుతూ జబ్బుపడిన వాస్కో డ గామా అన్న పౌలో 1499లో ఈ దీవిలోనే చనిపోయాడు. ఆయనను సమాధి చేసిన ఫ్రాన్సిస్కన్ మఠంలో ఇప్పుడు పట్టణపు మ్యూజియం ఉంది.

నేను బస చేసిన ఇంటి యజమానురాలు డెబ్భై దాటిన మనిషి. నేను పురుగుల కోసం వచ్చానని తెలియగానే, భోజనం సంగతి పక్కన పెట్టి, నిచ్చెన వేయించి నన్ను అటక మీదికి పంపారు. దూలాల కింద పరిచిన కాగితం మీద గసగసాలంత గింజలు రాలి ఉన్నాయి. భూతద్దంలో చూస్తే ప్రతి గింజకూ ఆరు పలకలు. అవి పొడి కట్టెలో కాపురముండే చెదల విసర్జన. క్రిప్టోటెర్మెస్ బ్రెవిస్ అనే ఈ చెద మన పుట్టల చెదలాగా మట్టితో సొరంగాలు కట్టదు. నేలతో పనిలేకుండా కట్టె లోపలే పుట్టి, పెరిగి, కట్టెను బోలు చేస్తుంది. ఈ శతాబ్దం మొదట్లో ఆంగ్రాలో దీని ఉనికి బయటపడేసరికే పాత ఇళ్ళ కప్పులు ఎన్నో దెబ్బతిన్నాయి. వేసవిలో రెక్కల చెదలు లేచే కాలంలో జనం అటకల మీద దీపం పెట్టి, పక్కన పసుపు రంగు జిగురు అట్టలు వేలాడదీస్తారు. మన పత్తి, మిరప చేలలో తెల్లదోమ కోసం పెట్టే అట్టలే అవి. ఎవరి ఇంట్లో ఎన్ని అంటుకున్నాయన్న లెక్క ఇక్కడి పరిశోధకులకు కూడా చేరుతుంది. అడవిలోని లెక్కకూ, అటక మీది లెక్కకూ మూలం ఒకటే అని ఆమె మాటల్లో నాకు అర్థమైంది: బయటినుంచి ఏది వచ్చింది, ఎంత వేగంగా పెరుగుతోంది.

రాత్రి భోజనానికి అల్కాత్రా తిన్నాను. మెరుగు పెట్టని మట్టిపాత్రలో ఉల్లిపాయ, వెల్లుల్లి, జమైకా మిరియం, లారెల్ ఆకు, స్థానిక ద్రాక్షసారా వేసి, పొయ్యిలో గంటల తరబడి మగ్గించే ఈ వంటకం సాధారణంగా గొడ్డుమాంసంతో చేస్తారు. చేపతో చేసింది కూడా దొరుకుతుంది. నేను అదే అడిగాను. పద్దెనిమిది యూరోలకు ఇద్దరికి సరిపోయేంత పెట్టారు. దానితో తియ్యటి రొట్టె ఇచ్చి, అడుగున మిగిలిన పులుసులో ముంచుకొని తినమని వడ్డించే అబ్బాయి చెప్పాడు. పాత్రను తుడిచినట్టు తినకపోతే వండినవారు నొచ్చుకుంటారట.

జూన్ 13, దీవి నడిబొడ్డు

సుమారు 400 చదరపు కిలోమీటర్ల దీవి ఇది. కారులో చుట్టుముట్టి రావడానికి ఒక పూట చాలు. అద్దె కారుకు రోజుకు యాభై యూరోల దాకా అయింది. ఎటు చూసినా పచ్చదనమే. నల్లరాతి గోడలతో గళ్ళు గళ్ళుగా విడదీసిన పచ్చికబయళ్ళు, వాటి అంచున నీలిపూల హైడ్రేంజియా కంచెలు, కొండవాలుల మీద నిటారుగా పెరిగిన చెట్ల తోపులు. కొత్తవారికి ఇది ప్రకృతి కొలువుతీరిన చోటుగా తోస్తుంది. కానీ పచ్చిక పశువుల కోసం నాటింది. హైడ్రేంజియా తూర్పు ఆసియా నుంచి వచ్చింది. ఆ తోపులు కలప కోసం పెంచిన జపాన్ దేవదారులు. మధ్యమధ్య పొదలుగా అల్లుకున్న పిట్టోస్పోరం ఆస్ట్రేలియాది. పదిహేనో శతాబ్దంలో మనుషులు స్థిరపడేనాటికి దాదాపు దీవులన్నిటినీ కప్పి ఉన్న అసలు అడవి ఇప్పుడు మొత్తం ద్వీపసమూహంలో ఐదు శాతం కంటే తక్కువే మిగిలింది. అదీ పశువులకు, నాగలికి పనికిరాని ఎత్తుల మీద, లావా గడ్డకట్టిన ఎగుడుదిగుడు నేలల మీద. పచ్చగా ఉన్నదంతా అడవి కాదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన చోటు నేను చూడలేదు.

దారిలో ఆవుల మంద అడ్డువస్తే ఇక్కడ ఎవరూ హారన్ మోగించరు. ఇంజను ఆపేస్తారు, కాపరికి చెయ్యి ఎత్తి పలకరిస్తారు, మంద దాటాక మాత్రమే కదులుతారు. ఒక చోట ఆగినప్పుడు పక్క కారులోని పెద్దాయన అద్దం దించి, ఎక్కడి నుంచి వచ్చానో, పిల్లలెందరో, దీవిలో జున్ను తిన్నానో లేదో అడిగి, జున్ను తినలేదన్నాక చాలా బాధపడి, ఎక్కడ కొనాలో దారి చెప్పారు.

సాయంత్రం ఒక ఊళ్ళో తాడుకు కట్టిన ఎద్దును వీధిలోకి వదిలే వేడుక జరుగుతోంది. మే 1 నుంచి అక్టోబరు 15 వరకు ఏదో ఒక ఊళ్ళో ఇది ఉంటూనే ఉంటుంది. ఎద్దును చంపరు. తెల్లచొక్కాలు, నల్లటోపీలు ధరించిన కాపరులు పొడవాటి తాడును పట్టుకొని దాని పరుగుకు హద్దు వేస్తారు. ఇళ్ళ ముందు పలకలు అడ్డుకట్టి, జనం వాటి వెనుక నిలబడతారు. నాలుగు ఎద్దుల పరుగు అయిపోయాక, ఇంటింటా బల్లలు పరిచి, వచ్చినవారికి తిండీ తాగుడూ పెట్టడం ఆచారం. దానిని ‘ఐదో ఎద్దు’ అంటారు. ముఖపరిచయమైనా లేని నన్ను ఒక గృహిణి చెయ్యి పట్టుకొని లోపలికి తీసుకువెళ్ళి, వేయించిన చేపముక్కలు, ఉడికించిన లుపిన్ గింజలు ముందు పెట్టారు. డబ్బు ప్రస్తావన తెస్తే తప్పవుతుందని పక్కనున్నవారు సైగ చేశారు.

జూన్ 14, అల్గార్ దు కర్వావ్

సేకరణకు ముందురోజు భూగర్భంలోని లెక్కను చూడమని బృందంవారు సలహా ఇచ్చారు. అల్గార్ దు కర్వావ్ అనేది చల్లారిన అగ్నిపర్వతపు గొట్టం. సుమారు 90 మీటర్ల లోతుకు మెట్లు దిగితే అడుగున వాననీటి మడుగు ఉంటుంది. దీనిని 1963లో ఏర్పడిన ‘ఉష్ మొంతన్యైరుష్’ అనే కొండల సంఘంవారు చూసుకుంటున్నారు. పైనున్న నోటి నుంచి వెలుగు పడినంత మేరా గోడలను ఫెర్నులు, నాచు కప్పేశాయి. వెలుగు తగ్గుతున్నకొద్దీ పచ్చదనం సన్నగిల్లి, చివరికి బండమీద సిలికా పేరుకున్న మరకలు మాత్రమే మిగులుతాయి.

ఈ చీకట్లోనే టురినిఫియా కావెర్నికోలా అనే చిన్న సాలెపురుగు గూడు కడుతుంది. తెర్సైరాలో తప్ప ప్రపంచంలో ఎక్కడా అది లేదు. కళ్ళు బాగా క్షీణించిన ట్రెకస్ టెర్సైరానస్ అనే నేలపెంకు పురుగు కూడా ఈ దీవి గుహలదే. సందర్శకుల కోసం పెట్టిన దీపాల చుట్టూ పచ్చని పొర పేరుకొని ఉండడం చూశాను. వెలుగు లేని చోట ఉండకూడని నాచు దీపం వేడికి, కాంతికి పుట్టుకొచ్చింది. గుహలోకి దీపం తెచ్చిన మార్పును చూడడానికి ఏ పరికరమూ అక్కరలేదు. కానీ ఆ మార్పు సాలెపురుగుకు ఏం చేసిందో చెప్పాలంటే మాత్రం ఏళ్ళ తరబడి వరుస లెక్క ఉండాల్సిందే.

జూన్ 15, తెర్రా బ్రావా

తెల్లవారుజామున వాన. తెర్రా బ్రావా అడవికి వెళ్ళడానికి బృందంలోని పరిశోధక విద్యార్థిని ఒకరు, ఆమె సహాయకుడు ఒకరు నన్ను వ్యానులో ఎక్కించుకున్నారు. బయలుదేరేముందు అందరి బూట్లనూ బ్రష్షుతో కడిగించారు. అంటుకున్న మట్టిలో విత్తనాలు, పురుగుల గుడ్లు అడవిలోకి వెళ్ళకూడదు. దారిలో ఒక చిన్న కాఫీకొట్టు దగ్గర ఆగి, యూరో కంటే కాస్త తక్కువకు దొరికిన చిక్కటి కాఫీ నిలబడి తాగి, కాగితంలో చుట్టిన జున్ను రొట్టెలు మధ్యాహ్నానికి కొనుక్కున్నాం.

పచ్చికబయలు దాటగానే పొగమంచు కమ్ముకుంది. గుర్తుకోసం కొమ్మకు కట్టిన రంగుపట్టీ గాలికి కొట్టుకుపోవడంతో, పశువుల దారి వెంట చాలాసేపు నడిచి ఒక కంచె దగ్గర తేలాం. జీపీఎస్ యంత్రం చూసుకొని వెనక్కు వచ్చి, జునిపర్ చెట్ల మధ్య సందులో దూరాం. అక్కడి నుంచి నడక వేరు. స్ఫాగ్నం నాచు మోకాలి లోతున పరుచుకొని ఉంది. అడుగు వేస్తే నీరు బూటు పైకి ఉబికి వస్తుంది. చెట్లు ఎత్తు లేవు. ఎక్కువ భాగం ఇద్దరు మనుషుల ఎత్తుకు మించవు. జునిపర్, మన బిర్యానీ ఆకు కుటుంబానికే చెందిన లారెల్, హాలీ, ఎరికా, నల్లని పళ్ళు కాసే వాక్సీనియం. ప్రతి కాండం మీదా నాచు, నాచు మీద పలుచని ఫెర్నులు. సమతలమైన నేల గజం కూడా లేదు. ఇలాంటి చోట ఏడాదికి నాలుగుసార్లు బరువులు మోస్తూ రావడమే ఒక తపస్సు.

వల ఒక్కసారిగా కనబడింది: చెట్ల మధ్య కట్టిన చిన్న నల్లని దోమతెర గుడారం. పొడవు, వెడల్పు, ఎత్తు ఒక్కొక్కటి 110 సెంటీమీటర్లు. స్వీడన్ కీటకశాస్త్రవేత్త రెనే మలేజ్ 1930లలో రూపొందించిన వలకు ఇది నాలుగు దిక్కులా తెరుచుకున్న రూపం. ఇందులో ఎర ఏదీ ఉండదు. ఎగురుతూ వచ్చి గుడ్డకు తగిలిన పురుగు సహజంగా పైకి పాకుతుంది. శిఖరాన ఉన్న సీసాలో పడి, ప్రొపిలీన్ గ్లైకాల్, ఆల్కహాలు కలిపిన ద్రవంలో కుళ్ళకుండా నిలిచిపోతుంది. సాలెపురుగులు కూడా అలాగే ఎక్కి పడతాయి. దీపం పెడితే వెలుగును ప్రేమించేవి మాత్రమే వస్తాయి, వెన్నెల రాత్రుల్లో అవీ తగ్గుతాయి. దీపపు ఎర లెక్కల్లో మాకు ఎప్పుడూ ఉన్న చిక్కు అది. పిలవకుండా, పిలుపుతో పక్షపాతం చూపకుండా, దారిన పోయేవాటినే పట్టడంలోని విలువ నాకు అక్కడ నిలబడితే బాగా తెలిసింది.

విద్యార్థిని సీసా విప్పి, సన్నని జల్లెడగుడ్డలో వంచి, మిగిలినదాన్ని కొత్త ఆల్కహాలుతో మరో సీసాలోకి కడిగింది. చోటు, తేదీ పెన్సిలుతో రాసిన చీటీని లోపలే వేసింది. పైన అంటించిన కాగితం తడికి ఊడుతుంది, లోపలి చీటీ ఊడదు. తర్వాత గుడ్డ నాలుగు పక్కలా చిరుగులు ఉన్నాయేమో వేళ్ళతో తడిమి చూసింది. ఒక చిరుగు ఉంటే మూడు నెలల లెక్క తగ్గినట్టు కనబడుతుంది. అప్పుడు తగ్గినది పురుగులా, గుడ్డా అన్నది ఎవరికీ తెలియదు.

ద్రవంలో తేలుతున్నవాటిలో కొన్నిటిని ఆమె పేరు పెట్టి చూపించింది. మొక్కల మీద గెంతే చిన్న పురుగుల గుంపులో సిక్సియస్ అజోటెర్సైరే ఉంది. మన వరిని మాడ్చే సుడిదోమకు దూరపు బంధువు, చెట్టు రసం పీల్చేదే, కానీ తెర్సైరా దీవికి మాత్రమే సొంతం. పిసౌరా అకోరియెన్సిస్ అనే వేటాడే సాలెపురుగు పిల్లలు రెండు. ఈ అడవి పేరు మీదే 2004లో పేరు పొందిన ట్రెకస్ టెర్రాబ్రావెన్సిస్ అనే పెంకు పురుగు మాత్రం నేలమీదిది కనుక ఇందులో దొరకడం అరుదు. దానికి వేరే పద్ధతి ఉంది. 1997లో మొదలైన పాత సర్వేలో 150 మీటర్ల వరుస వెంట ముప్ఫై చిన్న ప్లాస్టిక్ గ్లాసులను నేలకు సమంగా పాతి, పైన తెల్లని పళ్ళెం కప్పి, రెండు వారాల తర్వాత తీసేవారు. చెట్ల పైభాగం కోసం కొమ్మ కింద గుడ్డ పట్టి కర్రతో కొట్టేవారు. 2010 ప్రాంతంలో అవే చోట్ల ఆ సర్వేను మళ్ళీ చేశారు కనుకనే ఇప్పుడు అప్పటితో పోల్చి చూడడం సాధ్యమవుతోంది.

వానలోనే రొట్టెలు తిన్నాం. సహాయకుడు తన వాటాలో సగం జున్ను నాకు ఇచ్చి, తాను ఆవుల మధ్యే పెరిగానని, పచ్చికబయలు కోసం అడవి కొట్టినవారిలో తన తాతలూ ఉన్నారని నిదానంగా చెప్పాడు. అందులో సిగ్గూ లేదు, సమర్థనా లేదు. ఆకలికి అడవి కొట్టిన తరాన్ని తప్పుపట్టడం నాకూ చేతకాదు. కొల్లేటి గట్ల మీద పెరిగినవాణ్ణి.

జూన్ 16, సాంతా బార్బరా

1,021 మీటర్ల ఎత్తున్న ఈ కొండ తెర్సైరాలో అన్నిటికంటే ఎత్తైనది, దీవిలో అసలు అడవి బాగా మిగిలిన చోట్లలో ముఖ్యమైనది. వలల పని మధ్యాహ్నానికే ముగిసింది. దిగివచ్చేటప్పుడు అడవి అంచున ఒక దృశ్యం నన్ను కదలనివ్వలేదు. మనిషి ఎత్తు మించిన వెడల్పాటి ఆకులతో, నేలమీద ఒకదాన్నొకటి పెనవేసుకున్న దుంపలతో, వాలంతా అల్లం జాతి మొక్క పరుచుకుంది. హెడిచియం గార్డ్‌నెరియానం. మన దేశపు ఈశాన్యంలో, నేపాల్‌లో, హిమాలయ సానువులలో సహజంగా పెరిగే మొక్క. పసుపు పూల కోసం తోటల్లో పెట్టుకోవడానికి ఎవరో తెచ్చారు. దాని దుంపల పొర కింద జునిపర్ విత్తనం మొలవలేదు. లారెల్ పిల్లమొక్కకు వెలుగు అందదు. ఆ చెట్ల మీదే బతికే ముక్కుపురుగులు, చిమ్మెటలు, సాలెపురుగులు చెట్టుతో పాటే పోతాయి. పుట్టిన చోట ఏ కీడూ చేయని మొక్క ఇక్కడ అడవిని మింగుతోంది.

కూలీలు ఇద్దరు దుంపలను గడ్డపారతో పెకలించి సంచుల్లో నింపుతున్నారు. ఒక్క ముక్క మిగిలినా మళ్ళీ చిగురిస్తుంది కాబట్టి అక్కడే పారవేయరు. ఆ వాలు ఎంత ఉందో, వారు ఇద్దరే ఎలా ఉన్నారో చూస్తే దుఃఖం కలిగింది. ఏళ్ళుగా చేస్తున్న లెక్క చివరికి పనికివచ్చేది ఇక్కడే అని నా అభిప్రాయం: ఉన్న కొద్దిమందినీ, కొద్ది డబ్బునూ ఏ వాలు మీద ముందు ఖర్చుపెట్టాలో అది చెప్పగలగాలి.

దిగువన పట్టణంలో దోనా అమేలియా అనే చిన్న కేకులు కొన్నాను. 1901లో ఈ దీవికి వచ్చిన రాణి పేరు వాటికి పెట్టారు. మొక్కజొన్న పిండి, బెల్లపు పాకంలాంటి మొలాసిస్, దాల్చినచెక్క, ఎండుద్రాక్ష. నోట్లో వేసుకుంటే దాల్చినచెక్క ఘాటు ముందు తగులుతుంది. తూర్పు ఓడలు దిగిన రేవు కదా.

జూన్ 17, విశ్వవిద్యాలయం

వ్యానులో దించిన సీసాలు ఆంగ్రాలోని ప్రయోగశాల బల్ల మీద వరుసగా ఉన్నాయి. అసలు శ్రమ ఇక్కడ మొదలవుతుంది. విద్యార్థులు సూక్ష్మదర్శిని కింద ఒక్కో పురుగునూ వేరుచేసి, రూపాన్నిబట్టి విడదీసి, ఆడ, మగ, పిల్ల అని లెక్కించి చిన్న గొట్టాల్లో పెడతారు. తర్వాత దశాబ్దాలుగా ఈ పనికి సారథ్యం వహిస్తున్న పౌలో బోర్జెస్ వంటి నిపుణులు పేర్లను సరిచూస్తారు. నమూనాలు దాల్బెర్తో తైషైరా పోంబో పేరిట ఉన్న కీటక సంగ్రహంలో చేరుతాయి. ఈగలు, కందిరీగల జాతివాటిని భద్రపరుస్తారు గాని ప్రధాన పట్టికల్లో చేర్చరు, వాటిని గుర్తుపట్టగల నిపుణులు అరుదు. అడవిలో పరాగసంపర్కం చేసేవి, ఇతర పురుగులను అదుపులో పెట్టేవి ఎక్కువగా అవే కనుక, ఈ లోటు పెద్దదనే నేను అనుకుంటున్నాను.

ఒక గొట్టంలో మెరిసే ఆకుపచ్చ, రాగిరంగు పెంకు పురుగు కనబడింది. పోపిలియా జపానికా. 1970ల మొదట్లో ఈ దీవిలో, అమెరికా సైనిక స్థావరమున్న లాజేష్ వైపు మొదట కనబడి, తర్వాత మరికొన్ని దీవులకూ పాకిన జపాన్ పురుగు. కంటికి ఇంపుగా ఉన్న ఆ పురుగును పక్కన పెట్టి, విద్యార్థిని గోధుమరంగు చుక్కలా ఉన్న ఒక దీవి సాలెపురుగును చూపింది. దాని కోసం ఆమె కళ్ళు వెలగడం చూశాక నాకు ఇక ప్రశ్నలు లేవు.

అజోర్స్‌లో ఇప్పటివరకు 2,200కు పైగా సంధిపాద జీవుల జాతులు నమోదయ్యాయి; వాటిలో 250కి మించినవి ఈ దీవులలో తప్ప మరెక్కడా లేవు. అడవి పోయినా అందులోని జాతులన్నీ వెంటనే పోవు. మిగిలిన ముక్కల్లో కొంతకాలం నిలబడి, తర్వాత ఒక్కొక్కటిగా అంతరిస్తాయి. ఇలా ఆలస్యంగా పోవలసిన జాతుల బాకీ ఎంతో 2010లో అంచనా వేసినవారు, అడవి మీద ఆధారపడిన జాతుల్లో సగానికి పైగా చివరికి పోవచ్చని తేల్చారు. గుడారపు వలల పదేళ్ళ లెక్కను విశ్లేషించి 2023లో ప్రచురించిన ఫలితం ఈ నేపథ్యంలో చదవాలి. జాతుల వైవిధ్యం గాని, పురుగుల మొత్తం బరువు గాని తగ్గిన ఆధారం దొరకలేదు. కానీ ఆ మొత్తంలో దీవులకే సొంతమైన జాతుల వాటా తగ్గింది, బయటినుంచి వచ్చినవాటి వాటా పెరిగింది. సాలెపురుగులు, రసం పీల్చే పురుగులు తగ్గాయి. బెరడు మీది బూజును తినే సన్నని సోకిడ్ పురుగులు పెరిగాయి. సీసాను చేత్తో ఎత్తి బరువు చూసేవాడికి ఏ మార్పూ తెలియదు. పేరు పేరునా విడదీసినవాడికి మాత్రమే, అడవి నిండుగా ఉంటూనే చేతులు మారుతోందని తెలుస్తుంది. పదేళ్ళకు ఒకసారి వచ్చి చూస్తే సరిపోతుందని, డబ్బు ఆదా అని వాదించేవారు మన దగ్గరా ఉన్నారు. వారు ఈ బల్ల దగ్గర ఒక పూట కూర్చోవాలి.

సెప్టెంబరు 15 నాటికి తెర్రా బ్రావాలో సీసాలు మళ్ళీ మారుతాయి. ఆ లెక్క ప్రచురితమైనప్పుడు నేను మొదట వెతకబోయేది మొత్తం సంఖ్యను కాదు, సాలెపురుగుల వరుసను.